నెట్స్‌కు ఏ బంతి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం క్రికెట్ నెట్స్‌లో, అంటే చుట్టూ వల కట్టిన ప్రాక్టీస్ పిచ్‌ల మీద, వాడే బంతుల గురించే. బ్యాట్ కొనేటప్పుడు పదింటిని చేత్తో పట్టి చూసేవాళ్లు కూడా నెట్స్ బంతుల దగ్గరికి వచ్చేసరికి పెట్టెలో ఏముంటే అది పట్టుకుపోతారు. మ్యాచ్‌లో ఆడేవాటికి ఎన్నో రెట్ల బంతులు నెట్స్‌లోనే ఆడతాం, వేస్తాం. చేతికీ కంటికీ అలవాటు పడేది అక్కడే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం.

ప్రశ్న: మా క్లబ్‌లో పదహారు మందిమి ఉన్నాం. టర్ఫ్ (గడ్డి పిచ్) నెట్ ఒకటి, సిమెంట్ మీద మ్యాట్ పరిచిన నెట్లు రెండు. మూడింటికీ ఒకే రకం ఫోర్ పీస్ లెదర్ బంతులు తెస్తున్నాం. మ్యాట్ మీద వారం తిరక్కుండానే పాడవుతున్నాయి. టూ పీస్‌కు మారాలా? మొత్తం ఎన్ని కావాలి?

జవాబు: బంతిలో లోపం లేదు. మూడు నెట్లకూ ఒకే బంతి వాడటమే చిక్కు.

ఫోర్ పీస్ బంతి లోపల కార్కు, రబ్బరు కలిసిన గుండు ఉంటుంది. దాని మీద ఉన్ని దారం బిగించి చుడతారు. పైన నాలుగు ముక్కల తోలు. రెండేసి ముక్కలను లోపలి వైపు నుంచి కుట్టి అరగోళం చేస్తారు. అలాంటి రెండు అరగోళాలను కలిపి కుట్టిన చోట వచ్చేదే మనం వేలు ఆనించే సీమ్. టూ పీస్‌లో ఒక్కో అరగోళం ఒకే తోలు ముక్క. దాన్ని అచ్చులో నొక్కి గిన్నెలా వంచుతారు. తక్కువ రకం టూ పీస్‌లలో లోపల దారం చుట్టే ఉండదు, మొత్తం అచ్చు పోసిన గుండే ఉంటుంది. అందుకే అది బ్యాట్‌కు తగిలినప్పుడు రాయిలా అనిపిస్తుంది, చేతులు జలదరిస్తాయి. అయితే ముక్కల మధ్య అతుకులు లేవు కాబట్టి గరుకు నేల మీద తోలు విచ్చుకోవడం తక్కువ.

టర్ఫ్ నెట్‌కు ఫోర్ పీస్ ఉంచండి. మ్యాట్ నెట్లకు మంచి రకం టూ పీస్ చాలు. దాని లోపల దారం చుట్టు ఉందో లేదో మాత్రం అడిగి తీసుకోండి. కొబ్బరి పీచు మ్యాట్ బంతిని సాన పట్టినట్టు గీకుతుంది. మెరుపు మొదటి రెండు మూడు ఓవర్లలోనే పోతుంది, సీమ్ దారం పీచులు లేస్తుంది. ఫోర్ పీస్‌కు ఉన్న అసలు గుణం, అంటే ఒక వైపు మెరుపు నిలుపుకుని స్వింగ్ కావడం, అక్కడ అక్కరకు రాదు. మ్యాట్ లేని ఒట్టి సిమెంట్ మీదైతే ఏ లెదర్ బంతీ వేయకండి. అక్కడ సింథటిక్ పూత ఉన్న బంతే నయం.

ఇక సంఖ్య. ఒక నెట్‌కు నలుగురు బౌలర్లు, ఒక్కొక్కరి చేతిలో ఒక బంతి, పక్కన రెండు అదనం. నెట్‌కు ఆరు చొప్పున మూడు నెట్లకు పద్దెనిమిది. అన్నీ ఒకేసారి కొత్తవి తేవద్దు. టర్ఫ్ నెట్‌లోని ఆరింటిలో రెండు కొత్తవి, రెండు నడివయసువి, రెండు పాతవి ఉంటే మ్యాచ్‌లో ఎదురయ్యే మూడు దశలూ సాధన అవుతాయి.

బంతి వయసు లెక్కపెట్టడం తేలికే. నలుగురు బౌలర్లతో ఒక నెట్ సాఫీగా నడిస్తే నిమిషానికి రెండు, రెండున్నర బంతులు పడతాయి. గంటకు 120 నుంచి 150. నాలుగుతో భాగిస్తే ఒక్కో బంతి గంటలో 30 నుంచి 37 సార్లు పడుతుంది, అంటే ఐదారు ఓవర్లు. ముప్పై ఓవర్ల పాత బంతి తయారవ్వాలంటే ఐదారు గంటల ప్రాక్టీస్ కావాలన్నమాట. ప్రతి బంతి మీదా మార్కర్‌తో ఒక అంకె వేసి, ఏ రోజు వాడకంలోకి తెచ్చారో పుస్తకంలో రాసుకోండి. నెట్స్‌లో బంతి వలకు తగిలి ఆగిపోతుంది. బౌండరీ దాకా పరిగెత్తదు, కంచెకు కొట్టుకోదు. కాబట్టి టర్ఫ్ మీద నెట్స్ బంతి మ్యాచ్ బంతికంటే కాస్త నెమ్మదిగా పాతబడుతుందని గుర్తుంచుకుని లెక్క వేసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి పదకొండేళ్లు. కోచింగ్‌లో పెద్దవాళ్ల బంతితోనే ఆడిస్తున్నారు. బంతికి భయపడి వెనక్కి జరుగుతున్నాడు. చిన్న బంతి వాడితే తర్వాత పెద్ద బంతికి అలవాటు పడడని ఒకరు అంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు. పెద్దవాళ్ల బంతి బరువు 155.9 నుంచి 163 గ్రాములు, చుట్టుకొలత 22.4 నుంచి 22.9 సెంటీమీటర్లు. పదమూడేళ్లలోపు పిల్లలకు ఉద్దేశించిన బంతి దాదాపు 135 గ్రాములే ఉంటుంది. దాని మీద నాలుగుముప్పావు ఔన్సులని రాసి ఉండాలి. మహిళల క్రికెట్‌లో వాడే ఐదు ఔన్సుల బంతి సుమారు 142 గ్రాములు. ఈ అంకె బంతి మీదే అచ్చు వేసి ఉంటుంది, కొనే ముందు చదవండి.

బరువైన పెద్ద బంతి చిన్న చేతిలో సరిగా కూర్చోదు. రెండు వేళ్లు సీమ్ మీద, బొటనవేలు కింద పెట్టాల్సిన పిల్లవాడు అరచేతిలోకి లాక్కుని పట్టుకుంటాడు. ఆ పట్టు ఒకసారి అలవాటైతే మాన్పించడం చాలా కష్టం. బ్యాటింగ్‌లోనూ అంతే. దెబ్బ తగులుతుందన్న భయంతో వెనక కాలు లెగ్ వైపు జరుగుతుంది, తల పక్కకు పోతుంది. మీ అబ్బాయి చేస్తున్నది అదే. అతన్ని తిట్టి లాభం లేదు, బంతి మార్చాలి.

క్రమం ఇలా పెట్టండి. మొదటి రెండు వారాలు లోపల మెత్తటి గుండు ఉండి పైన సీమ్ ఉన్న సాఫ్ట్ ప్రాక్టీస్ బంతితో దగ్గరి నుంచి అండర్ ఆర్మ్ త్రోలు, రోజుకు ముప్పై నలభై. కాలు కదలకుండా నిలబడుతున్నాడని తోచాక 135 గ్రాముల లెదర్ బంతి, అదీ కాస్త వాడి మెత్తబడినది. కొత్తది ఆ తర్వాతే.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. పిల్లల బంతి పెద్దవాళ్ల బంతికంటే చిన్నది. పెద్దవాళ్ల హెల్మెట్‌కు గ్రిల్ సందు పెద్దవాళ్ల బంతిని ఆపేలా పెడతారు. అందులోంచి చిన్న బంతి దూరే ప్రమాదం ఉంది. బి.ఎస్. 7928:2013 అనే బ్రిటిష్ ప్రమాణంలో హెల్మెట్‌ను పెద్ద బంతితో, జూనియర్ బంతితో విడివిడిగా పరీక్షిస్తారు. మీ అబ్బాయి హెల్మెట్ లోపలి చీటీలో జూనియర్ బంతికి సరిపోతుందని ఉందో లేదో ఇవాళే చూడండి. అన్నయ్య హెల్మెట్ తగిలించి పంపడం మానేయండి.

ప్రశ్న: కొత్త ఇంగ్లిష్ విల్లో బ్యాట్ కొన్నాను. నెట్స్‌లో నేరుగా ఆడొచ్చా?

జవాబు: ముందు మ్యాలెట్‌తో (చెక్క సుత్తితో) నాకింగ్, అంటే బ్యాట్‌ను మెల్లగా కొట్టి గట్టిపరచడం, పూర్తి చేయండి. ఆ తర్వాత బాగా వాడి మెత్తబడిన ఫోర్ పీస్ లెదర్ బంతితో తేలికపాటి త్రో డౌన్లు (దగ్గరి నుంచి చేత్తో విసిరే బంతులు) ఆడండి. బ్యాట్ అంచున, కింద మొన దగ్గర సీమ్ గుర్తులు లోతుగా పడుతుంటే ఇంకా నాకింగ్ కావాలని అర్థం. మెషిన్ బంతులు, అచ్చు కార్క్ బంతులు, నాసిరకం టూ పీస్ జోలికి ఈ దశలో వెళ్లకండి. విల్లో పీచు ఇంకా గట్టిపడక ముందే అవి పగుళ్లు తెస్తాయి.

ప్రశ్న: నేను ఆఫ్ స్పిన్నర్‌ని. నెట్స్‌లో నా బంతి బాగా తిరుగుతుంది, మ్యాచ్‌లో జారిపోయి నేరుగా వెళ్తుంది. నెట్స్‌లో ఇచ్చేది బాగా పాత బంతి. మా లీగ్‌లో ఏ కంపెనీ బంతి అన్నది కూడా ఏటా మారుతుంది. ఎలా సాధన చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలోనే సమాధానం సగం ఉంది. గరుకెక్కిన పాత బంతి వేలికి బాగా అంటుతుంది, పిచ్ మీద కూడా పట్టు దొరుకుతుంది. అది మ్యాట్ నెట్ అయితే చెప్పనక్కర్లేదు, పీచు పట్టి బంతిని తిప్పుతుంది. అక్కడ తిరిగినదంతా మీ వేళ్లు తిప్పినది కాదు. మ్యాచ్‌లో మెరుపున్న బంతి వచ్చేసరికి వేలు జారుతుంది.

కంపెనీల మధ్య తేడా కూడా నిజమే. ఎస్‌జీ బంతిని పూర్తిగా చేత్తో కుడతారు. దారం లావు, సీమ్ బాగా ఎత్తుగా ఉంటుంది, చాలాసేపు నిలుస్తుంది. భారత్‌లో టెస్టులు ఆడేది దీంతోనే. డ్యూక్స్ కూడా చేతి కుట్టే, ముదురు ఎరుపు, సీమ్ త్వరగా అణగదు. ఇంగ్లండ్, వెస్టిండీస్‌లలో అది. కూకాబుర్రాలో మధ్యలోని రెండు వరసలే చేతి కుట్టు, బయటి నాలుగు మిషన్ కుట్టు. దాని సీమ్ మిగతా రెండింటికంటే ముందే చదునవుతుంది. ఎస్‌జీ మీద సాధన చేసిన స్పిన్నర్‌కు చదునైన కూకాబుర్రా చేతికొస్తే చూపుడు వేలి మొదటి కణుపు ఆనించే ఆసరాయే దొరకదు.

కాబట్టి మీ లీగ్‌లో ఈ ఏడాది వాడే కంపెనీ బంతులే మూడు సంపాదించండి. ఒకటి కొత్తది, ఒకటి ఇరవై ఓవర్లది, ఒకటి యాభై దాటినది. ప్రతి ప్రాక్టీస్‌లో మొదటి మూడు ఓవర్లు కొత్తదాంతో వేయండి. వేళ్లు ఇంకా తాజాగా ఉన్నప్పుడే కష్టమైన పని చేయించాలి. తర్వాత మిగతా రెండూ. మంచు కురిసే రాత్రి మ్యాచ్‌లు ఉంటే వాటికి విడిగా ఒక పాత బంతి పెట్టుకుని, బకెట్ నీళ్లలో ముంచి తీసి, గుడ్డతో ఒక్కసారి తుడిచి వేయండి. ఆ బంతిని మిగతావాటితో కలపకండి.

బంతి అసలు తిరుగుతోందా, ఎటు తిరుగుతోంది అన్నది చూడటానికి సగం ఎరుపు, సగం తెలుపు ఉండే కోచింగ్ బంతి చాలా ఉపయోగం. చేతిలోంచి వదిలాక రంగుల మధ్య గీత నిలకడగా కనిపిస్తే సీమ్ కుదురుగా తిరుగుతున్నట్టు. రెండు రంగులూ కలిసిపోయి గులాబీ మసకలా కనిపిస్తే బంతి తడబడుతోంది. ఇది సీమ్ బౌలర్లకు ఇంకా బాగా పనికొస్తుంది. మణికట్టు ఏ మాత్రం పక్కకు వాలినా గీత ఊగడం పక్కన నిలబడ్డవాళ్లకూ కనిపిస్తుంది.

ప్రశ్న: డజను బంతులు కొనేటప్పుడు మంచి చెడ్డ ఎలా గుర్తుపట్టాలి? అన్నీ ఒకేలా మెరుస్తుంటాయి.

జవాబు: మెరుపును చూడకండి, అది పైపూత. ఒక్కో బంతికి రెండు నిమిషాలు కేటాయించండి.

మొదట బొటనవేలి గోరును సీమ్‌కు అడ్డంగా నడిపించండి. ఆరు వరసల కుట్టూ విడివిడిగా తగలాలి, సమాన దూరంలో ఉండాలి. మధ్యలో రెండు అరగోళాలు కలిసే చోట గోరు దిగేంత సందు ఉంటే పక్కన పెట్టేయండి. పది ఓవర్లు తిరక్కముందే అక్కడ నోరు తెరుస్తుంది. నాసిరకం బంతుల్లో బయటి వరసలు కుట్టే కాదు, కుట్టులా కనిపించే అచ్చు గీతలు. గోటితో గీస్తే దారం పైకి లేవదు, తోలే గీరుకుంటుంది. అప్పుడు తెలిసిపోతుంది.

తర్వాత బంతిని రెండు అరచేతుల మధ్య పెట్టి గట్టిగా నొక్కుతూ తిప్పండి. ఎక్కడైనా ఒక చోట మెత్తగా దిగినట్టుంటే లోపల దారం సమంగా చుట్టలేదు. ఫోర్ పీస్ అని చెబితే ఒక్కో అరగోళం మధ్యలో సన్నటి అతుకు గీత కనిపించాలి. రెండు వైపుల గీతలూ ఒకే వరసలో ఉండవు, ఒకదానికి ఒకటి అడ్డంగా ఉంటాయి. గీతే కనిపించకపోతే అది టూ పీస్.

గుండ్రదనానికి టైలర్ టేపు చాలు. సీమ్ వెంట ఒకసారి, సీమ్‌కు అడ్డంగా రెండు వైపులా మరో రెండుసార్లు కొలవండి. మూడు కొలతల మధ్య మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించి తేడా ఉండకూడదు. బరువుకు వంటింటి డిజిటల్ కాటా సరిపోతుంది. డజనులో అన్నిటికన్నా బరువైనదానికీ తేలికైనదానికీ ఐదారు గ్రాములకు మించి తేడా ఉంటే ఆ డజను తయారీలోనే శ్రద్ధ లేదు.

చివరిగా రెండు బంతులను ఒకే ఎత్తు నుంచి, భుజం దగ్గరి నుంచి, సిమెంట్ నేల మీదకు ఒకేసారి వదలండి. రెండూ ఇంచుమించు సమానంగా లేవాలి. ఒకటి మోకాలి దాకా, ఇంకొకటి పాదం దాటి కాస్త పైకి లేస్తే వాటి గుండ్లు వేరు వేరు. చప్పుడు కూడా వినండి. మంచి ఫోర్ పీస్ ‘టక్’మని నిండుగా పలుకుతుంది, ఖాళీ డబ్బాలా మోగదు. అలాగే సీమ్ నిలువుగా ఉంచి, వేళ్లతో తిప్పుతూ రెండడుగులు పైకి ఎగరేయండి. సీమ్ గీత ఊగకుండా తిరిగితే బరువు మధ్యలో ఉంది. చేతి తప్పు కూడా ఉండొచ్చు కాబట్టి ఇది నాలుగైదు సార్లు చేశాకే నిర్ణయించండి.

ప్రశ్న: బౌలింగ్ మెషిన్‌లో పాత లెదర్ బంతులు వేస్తున్నాం. ఒకటి యార్కర్, ఇంకోటి తల మీదకు. మెషిన్ చెడిపోయిందా?

జవాబు: లెదర్ బంతుల వల్లే. రెండు చక్రాలు తిరుగుతూ బంతిని నొక్కి విసిరేస్తాయి. బంతి లోపలికి వెళ్లేటప్పుడు సీమ్ ఏ చక్రానికి, ఏ కోణంలో తగిలిందన్న దాన్నిబట్టి దిశ మారిపోతుంది. పాత బంతులు ఒక్కోటి ఒక్కో సైజుకు వచ్చి ఉంటాయి, దాంతో వేగమూ మారుతుంది. చక్రాల రబ్బరు కూడా అరుగుతుంది. గుంటలున్న మెషిన్ బంతులే వాడండి.

వాటిలోనూ కొత్తవీ పాతవీ కలపకూడదు. గుంటలు అరిగి నున్నబడ్డ బంతిని చక్రాలు సరిగా పట్టలేవు. అది నెమ్మదిగా వచ్చి ముందే పడుతుంది. పక్కనే గట్టిగా ఉన్న కొత్త బంతి అదే సెట్టింగ్‌లో వేగంగా వచ్చి ఫుల్ టాస్ అవుతుంది. గుడ్ లెంగ్త్‌కు సిద్ధమైన బ్యాటర్‌కు అది చాలా ప్రమాదం. ఒకే కంపెనీ, ఒకే రోజు పెట్టెలోంచి తీసిన డజనును ఒక సంచిలో ఉంచండి. తడి బంతి చక్రంలో జారుతుంది, కాబట్టి ప్రతి బంతినీ పొడి గుడ్డతో తుడిచే వేయాలి. బ్యాటర్ నెట్‌లోకి రాకముందు నాలుగు బంతులు ఖాళీగా వదిలి, అన్నీ ఒకే చోట పడుతున్నాయో లేదో చూడండి. వేయబోయే ముందు బంతిని బ్యాటర్‌కు ఎత్తి చూపడం ఒక్కసారి కూడా మానొద్దు.

ఈ బంతులను బౌలర్ల చేతికి ఇవ్వకండి. మెషిన్ మీద ఎంత ఆడినా చేతిని చూసి బంతిని చదివే అలవాటు రాదు. ఆ లోటు తీరాలంటే సైడ్ ఆర్మ్ కర్రతో, అంటే చివర బంతి పట్టే గిన్నె ఉన్న విసురు కర్రతో, లెదర్ బంతి వేయించుకోవాలి.

ప్రశ్న: టెన్నిస్ బంతితో, టేప్ చుట్టిన బంతితో ప్రాక్టీస్ చేస్తే లెదర్ ఆట చెడుతుందా?

జవాబు: దేనికి వాడుతున్నారన్నది చూసుకోవాలి. మామూలు టెన్నిస్ బంతి 56 నుంచి 59.4 గ్రాములు, అంటే లెదర్ బంతిలో మూడో వంతు చిల్లర. నడుము దాటి లేస్తుంది, బ్యాట్ మీదకు ఆగి వస్తుంది. దాంతో రోజూ ఆడేవాళ్లకు బంతి కోసం చేతులు ముందుకు చాచడం అలవాటవుతుంది, లెదర్ బంతికి అది క్యాచ్. అయితే షార్ట్ బంతి ఆడటం నేర్చుకునేవాళ్లకు ఇదే బంతి వరం. దగ్గరి నుంచి గట్టిగా విసిరినా దెబ్బ తగలదు, కళ్లు మూసుకోకుండా తలను బంతి లైనులోంచి తప్పించడం నేర్చుకోవచ్చు. సిమెంట్ మీద నీళ్లు చల్లి టెన్నిస్ బంతి వేస్తే జారుతూ వేగంగా వస్తుంది.

ఒక వైపే ఎలక్ట్రికల్ టేప్ చుడితే గాలిలో బాగా వంగుతుంది. స్వింగ్ ఆడటానికి మంచి సాధన. కానీ ఆ వంపు లెదర్ బంతి వంపుకంటే చాలా ఎక్కువ, ఆలస్యంగా బ్యాట్ దించడం వరకే దాన్ని వాడుకోండి. అచ్చు కార్క్ బంతి మాత్రం నెట్స్‌కు వద్దు. గట్టిదనం ఎక్కువ, బౌన్స్ ఎక్కువ, సీమ్ నామమాత్రం.

ప్రశ్న: తెల్ల బంతి మ్యాచ్‌లు వస్తున్నాయి. నెట్స్‌లో ఎర్ర బంతి చాలదా?

జవాబు: బ్యాటింగ్‌కు చాలదు. చేతిలోంచి బంతి వదిలే క్షణాన తెలుపును పట్టుకోవడం కంటికి విడిగా అలవాటు కావాలి, ముఖ్యంగా లైట్ల కింద. మ్యాచ్‌కు ముందు చివరి మూడు నాలుగు సెషన్లు తెల్ల బంతితోనే పెట్టండి, బౌలర్ వెనక నల్ల తెర కట్టండి. తెల్ల బంతి మాసిపోతే కనిపించదు కాబట్టి అది ఎర్రదానికంటే ముందే పక్కకు వెళ్తుంది.

ప్రశ్న: వానలో బంతులన్నీ తడిశాయి. ఎండలో పెట్టాం, గట్టిపడి పగిలాయి. పాత బంతులను ఎప్పుడు తీసేయాలి?

జవాబు: తోలు, లోపలి ఉన్ని రెండూ నీళ్లు పీలుస్తాయి. ఎండ పైతోలును త్వరగా బిగదీస్తుంది, లోపల తడి అలాగే ఉంటుంది. అందుకే పగుళ్లు. తడిసిన బంతిని పొడి గుడ్డతో అద్ది, గాలి తగిలే నీడలో, వలసంచిలో వేలాడదీసి రెండు రోజులు వదిలేయండి. ఆరాక తోలుకు రాసే మైనం పిసరంత గుడ్డకు రాసి రుద్దండి. వాన పడుతుందనిపించిన రోజు సింథటిక్ పూత బంతులే బయటికి తీయండి. మెరుపు పెట్టడానికి చెమట, గుడ్డ చాలు. ఉమ్ము రాయడాన్ని 2022లో నిబంధనల్లోనే నిషేధించారు, నెట్స్‌లోనూ ఆ అలవాటు ఉండకూడదు.

తీసేయాల్సిన గుర్తులు మూడు. కుట్టు తెగి దారం వేలాడితే బౌలర్ వేలు కోసుకుంటుంది. తోలు పెళ్లలా లేస్తే బంతి ఎటు లేస్తుందో తెలియదు. నేల మీద దొర్లిస్తే కోడిగుడ్డులా ఊగితే ఆకారం పోయింది. ఈ మూడింటిలో ఒక్కటి కనిపించినా బ్యాటర్‌కు వేయకండి. ఆకారం బాగుండి మెత్తబడినవాటిని మాత్రం దాచండి. వికెట్ కీపర్లకు, స్లిప్ క్యాచ్‌లకు, పైన అడిగిన పాఠకుడిలా కొత్త బ్యాట్ మెత్తగా ఆడించుకునేవాళ్లకు అవే కావాలి. విడిగా ఒక డబ్బా పెట్టి అందులో వేసి, మూత మీద ‘క్యాచ్‌లకు మాత్రమే’ అని రాయండి. లేకపోతే హడావుడిలో ఎవరో ఒకరు వాటిని మళ్లీ నెట్‌లోకి తెస్తారు.